బ్రదికినవాని సాక్ష్యము

ఆపద గడచి గట్టెక్కినవాని నోట మొట్టమొదట వెలువడు మాట “దేవుడు రక్షించినాడు” అనునది. ఈ మాట హిందువు అనును, ముసల్మాను అనును, క్రైస్తవుడు అనును. భాష మారును, దేవుని పేరు మారును. భావము మాత్రము మారదు. ఏడాది పొడుగునను దేవుని తలపనివాడు సైతము ఆ క్షణమున చేతులు జోడించును. ఇంత సహజముగ, ఇంత సర్వసామాన్యముగ పుట్టు ఈ మాటకు అర్థమేమి? దానికి ప్రమాణమేమి? వినువారిపై అది ఏ భారమును మోపుచున్నది? మతవిశ్వాసమును గూర్చి తత్త్వవిచారము చేయదలచువారికి ఇంతకంటె దగ్గరి ప్రశ్న వేరొకటి కానరాదు. ఈశ్వరుడు కలడా లేడా యను వాదము పండితసభలలో జరుగును. ఈ మాటయో, వంటయింటను, ఆసుపత్రి వసారాలోను, వరద తీసిన వీధిలోను, చావు జరిగిన యింటి యరుగుమీదను ప్రతిదినము వినబడుచునే యున్నది.

కృష్ణానది సముద్రమున గలియు తావున వసించు మనకు ఈ ప్రశ్న గ్రంథములనుండి రాలేదు, సముద్రమునుండియే వచ్చినది. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఉప్పెన మచిలీపట్టణమును ముంచెత్తెను. సుమారు 30,000 మంది మరణించిరని చెప్పుదురు. డచ్చివారును ఇంగ్లీషువారును ఓడలు దించి వర్తకము సాగించిన ఆ రేవునకు మరల పూర్వపు వైభవము రాలేదు. అటుపిమ్మట 113 సంవత్సరములకు, 1977 నవంబరు 19వ తేదీన, దివిసీమపై మరియొక ఉప్పెన పడెను. సర్కారు లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది దానికి బలియైరి. అంతకు మిక్కిలిగ పోయిరని చెప్పువారును కలరు. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు తీరగ్రామములలో ఒక యింట దీపము పెట్టుటకైనను మనిషి మిగులని కుటుంబములు ఎన్నియో కలవు. మా తరమువారము ఆ రాత్రిని కన్నులార చూచినవారము కాము. కాని బందరు, అవనిగడ్డ, కోడూరు ప్రాంతములందు పెరిగిన వారెవ్వరును ఆ రాత్రి కథ వినకుండ పెరుగలేదు.

ఆ కథలు చెప్పువారందరును బ్రదికినవారే. ఈ చిన్న విషయమును చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. ఒకడు తాడిచెట్టును కౌగిలించుకొని తెల్లవార్లు వ్రేలాడెను. ఒకతె కొట్టుకొనివచ్చిన పాక కప్పుపై బిడ్డను పట్టుకొని తేలెను. ఒకరు గుడిలో తలదాచుకొనిరి. ఒకరు బడి మిద్దెపైకి ఎక్కిరి. వారందరును చివరకు చెప్పునది ఒక్క మాటయే: “ఆ చెట్టు నాకు దేవుడే చూపినాడు.” ఈ మాట చెప్పునపుడు వారి కంఠము మారుటయు, కన్నులు చెమర్చుటయు మేము చూచితిమి. అందులో కపటము లేదు, ప్రదర్శన లేదు. చెట్టు దొరికిన ఆ నిమేషమున తనకంటె గొప్పదేదో తన్ను పట్టుకొన్నదని ఆ మనుష్యునకు నిజముగనే అనుభవమైనది. అట్టి అనుభవమును వెక్కిరించుట విద్యకు లక్షణము కాదు.

కాని ఒకసారి మేము తరగతిలో ఉప్పెనను గూర్చి పాఠము చెప్పుచు ఇట్టి కథ నొకదానిని వినిపింపగా, వెనుకబల్లమీది పిల్లవాడు లేచి, “మాస్టారూ, మరి చెట్టు దొరకనివాళ్లకు దేవుడు ఎందుకు చూపించలేదండీ?” అని యడిగెను. వాని ముఖమున తుంటరితనము లేదు. వారి యింటిలో పోయినవారు కలరని తరువాత తెలిసినది. ఆ బాలుని ప్రశ్న నాస్తికుని ప్రశ్న కాదు, బంధువుని ప్రశ్న. పోయినవారికి నోరు లేదు గనుక వారి పక్షమున వాడు అడిగినాడు. ఈ వ్యాసమున మేము వెదకునది ఆ ప్రశ్నకు పిల్లవానికి చెప్పదగిన సమాధానమే.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ప్రాచీన గ్రీసు దేశమున డయాగొరసు అను నాస్తికుడు కలడు. ఓడ మునుగుచుండగా మ్రొక్కుకొని బ్రదికినవారు గుడిలో వ్రేలాడదీసిన చిత్రపటములను ఒక మిత్రుడు అతనికి చూపి, “ఇంకను దేవతలు మానవులను పట్టించుకొనరందువా?” యని యడిగెనట. మునిగిపోయినవారి పటములు ఎక్కడ నున్నవని అతడు మారు ప్రశ్న వేసెనట. రోమను తత్త్వవేత్త సిసెరో ఈ కథను తన గ్రంథమున చెప్పియున్నాడు. గుడిగోడమీద బ్రదికినవారి పటములు మాత్రమే యుండును. మునిగినవారు మ్రొక్కినను చెల్లించుటకు తిరిగిరారు గదా.

1755వ సంవత్సరమున, సరిగా నవంబరు 1వ తేదీననే, పోర్చుగలు రాజధానియగు లిస్బనునందు మహాభూకంపము కలిగెను. అది క్రైస్తవులకు సర్వపుణ్యాత్ముల పండుగదినము. జనులు చర్చీలలో ప్రార్థన చేయుచుండగనే కప్పులు కూలెను. ఈ ప్రపంచము సాధ్యమైన ప్రపంచములలోకెల్ల ఉత్తమమైనదని లైబ్నిట్సు 1710లో ప్రకటించిన వాదమును వోల్టేరు ఆ విపత్తు పిమ్మట తీవ్రముగ ఖండించెను. నూట తొమ్మిది సంవత్సరముల తరువాత అదే తేదీన మన బందరును సముద్రము ముంచెను. తేదీలు కలియుట కేవలము కాకతాళీయము; ప్రశ్న కలియుట కాకతాళీయము కాదు.

మన దేశమున ఈ ప్రశ్నకు పూర్వులు ఏమి చెప్పిరి? బ్రహ్మసూత్రములందు రెండవ అధ్యాయమున ఈశ్వరునకు పక్షపాతము, నిర్దయ యను రెండు దోషములు అంటునేమోయను శంక ప్రస్తావింపబడినది. ప్రాణుల కర్మను అపేక్షించియే ఈశ్వరుడు సృష్టి చేయుచున్నాడు గనుక ఆ దోషములు లేవని సమాధానము. శంకరాచార్యులవారు ఇచట వానను దృష్టాంతముగ చూపిరి. వరికిని యవలకును వాన ఒక్కటే; పైరులోని భేదము విత్తనమునుండి వచ్చును గాని వాననుండి కాదు. మాగాణి సీమలో పుట్టిన మనకు ఈ దృష్టాంతము వెంటనే మనసునకు పట్టును. కాని అదే వాన ఉప్పెనయై వచ్చిననాడు? పదివేల మందికి, అందునను పాలుగారు పసిపిల్లలకు, ఒక్క రాత్రియే కర్మ పండవలెనని చెప్పుటకు నోరాడునా? సిద్ధాంతముగ దానిని ఖండించుట కష్టము. పూర్వజన్మమును తెచ్చి చూపువారు లేరు గనుక దానిని స్థాపించుటయు అంత కష్టమే. కాని శవము ప్రక్కన కూర్చున్న తల్లితో ఆ మాట చెప్పుట సిద్ధాంతము కాదు, దెబ్బ.

ఆస్తికదర్శనములందే లెక్కింపబడు మీమాంసలో కుమారిలభట్టు సృష్టికర్తను అంగీకరింపలేదు. కరుణచేత సృష్టించెనందురా, సృష్టికి పూర్వము జాలిపడుటకు ప్రాణులే లేరు. కరుణయే కారణమైనచో సుఖమును మాత్రమే సృష్టించియుండును గదా యని అతని తర్కము. వేదమునకు ప్రాణమిచ్చు శ్రోత్రియుడు ఇట్లు వాదించెనని మరువరాదు. ఈ ప్రశ్న వేసినవారెల్ల ధర్మద్రోహులని గర్జించువారు మన పూర్వుల గ్రంథములను చదువనివారు. ఇక ఘంటసాలయందును గుడివాడయందును ఏ స్తూపముల శిథిలములను మనము చూచుచున్నామో, ఆ బౌద్ధులు మరియొక త్రోవను చూపిరి. బాణము నాటుకొన్నవాడు దానిని వేసినవాని కులగోత్రములు తెలిసినదాక బాణమును తీయనీయనన్నచో చచ్చుటయే ఫలమని బుద్ధుడు బోధించెను. మొదట బాణము తీయుము, తరువాత విచారింపుము. ఉప్పెన పిమ్మట శవములను తీసి, నీరు శుభ్రపరచి, అన్నము వండినవారు ఆ బోధను ఎరిగియో ఎరుగకయో ఆచరించిరి.

ఇపుడు అసలు విచారమునకు వత్తము. “దేవుడు నన్ను రక్షించినాడు” అను వాక్యమును మేము రెండుగ విడదీయుచున్నాము. మొదటిది అనుభవము: భయము తొలగినది, ప్రాణము నిలిచినది, హృదయము కృతజ్ఞతతో నిండినది, ఏదో మహత్తు తన్ను తాకినట్లు తోచినది. ఇది వానికి ప్రత్యక్షమువంటిది. రెండవది అనుమానము: “నేను బ్రదికితిని గనుక దేవుడు నన్ను ఏరుకొన్నాడు, నా భక్తియో, నా మ్రొక్కో, నా వంశపుణ్యమో అందుకు కారణము.” లోకమున ఈ రెండును ఒకే ఊపిరిలో చెప్పబడును గనుక ఒక్కటిగ తోచును. కాని మొదటిది కన్ను చూచినది. రెండవది బుద్ధి కట్టినది. మొదటిదానియందలి బలమును రెండవది ఎరువు తెచ్చుకొనుచున్నది.

మన నైయాయికులు ఇట్టి అనుమానమును ఎట్లు పరీక్షింతురు? హేతువున్నచోట సాధ్యమున్నదా యని చూచుట చాలదు; సాధ్యము లేనిచోట హేతువుకూడ లేకపోవలయును. పొగయున్నచోట నిప్పున్నదని వంటయింట చూచి, నిప్పు లేని చెరువులో పొగయు లేదని చూచిన పిమ్మటనే వ్యాప్తి కుదురును. మ్రొక్కినవాడు బ్రదికెనందువా? మంచిదే. మ్రొక్కినవాడెవ్వడును చావలేదా? మ్రొక్కనివాడెవ్వడును బ్రదుకలేదా? ఆ రాత్రి దివిసీమలో మ్రొక్కనివాడు ఎవ్వడు? గుడిలో దూరినవారును, చర్చీలో దూరినవారును, పాకలోనే బిడ్డల నదుముకొని కూర్చున్నవారును అందరును తమ తమ దేవుళ్లను పిలిచినవారే. పిలిచినవారిలో కొందరు బ్రదికిరి, ఎక్కువమంది పోయిరి. ఇట్టి హేతువును శాస్త్రము సవ్యభిచారమనును. ఆ హేతువుతో పొరుగువాని యావు ఎవరిదో తేల్చుటకుకూడ వీలులేదు; ఈశ్వరుని మనసును తేల్చుటకు దానిని వాడవచ్చునా?

వ్యభిచరింపని హేతువు వేరొకటి ఆ రాత్రి కనబడినది. మిద్దె కలిగినవారిలో పెక్కురు బ్రదికిరి. తాటాకు పాకలో నున్నవారిలో పెక్కురు పోయిరి. మెరకనున్నవాడు మిగిలెను, పల్లమున నున్నవాడు కొట్టుకొనిపోయెను. చేపలు పట్టి బ్రదుకువారును, కూలికి వచ్చినవారును, ఊరికి దిగువన గుడిసెలు వేసికొన్నవారును విశేషముగ నశించిరి. ఇపుడు బ్రదుకుటయే దైవానుగ్రహమునకు గురుతనుకొన్నచో, అనుగ్రహము సున్నము ఇటుకల వెంట పోయినదని ఒప్పుకొనవలసివచ్చును. భక్తులెవ్వరైనను తమ దేవునికి ఈ నింద అంటగట్టుదురా?

1990 మే 9వ తేదీన బలమున 1977 నాటిదానికి దగ్గరగానున్న తుపాను మరల కృష్ణా ముఖద్వార సమీపముననే తీరము దాటెను. ఈసారి మృతులు వేయి మందికి లోపు. సముద్రము అదే, దేవుళ్లు వారే, మ్రొక్కులును అవే. మారినదేమి? ముందుగ హెచ్చరిక అందెను. లక్షన్నరకు మించిన జనమును తీరమునుండి తరలించిరి. తుపాను రక్షణగృహములు లేచియుండెను. పదివేలకును వేయికిని గల భేదమును దేవుని దయలో వెదకువాడు, 1977లో ఆ దయ ఎందుకు తరిగెనో చెప్పవలసియుండును. మనుష్యుని జాగ్రత్తలో వెదకువానికి అట్టి చిక్కు లేదు; రేపటికి చేయవలసిన పనియు తెలియును.

ఇదంతయు తర్కక్రీడ యని కొందరు తలపవచ్చును. “పాపము, బ్రదికినవాడు ఏదో తృప్తికొరకు చెప్పుకొనుచున్నాడు, దానిని విడదీసి చూచుటవలన మీకు కలిగిన లాభమేమి?” అని యడుగవచ్చును. లాభమున్నది. ఆ అనుమానము తృప్తి కలిగించు యిండ్లలో మాత్రమే ఆగదు. బ్రదికినవాడు దేవునిచే ఏరుకొనబడినవాడైనచో, చచ్చినవాడు విడువబడినవాడగును. ఇంకను ముందునకు పోయినచో, ప్రక్కవాడు చావగా తాను మిగిలినవారిని లోకము ఏమనవలయును? ఇచటనే మన సంఘము తన క్రూరత్వమును బయటపెట్టుకొనుచున్నది. భార్య పోయి భర్త మిగిలినచో “దేవుడు వానిని కాపాడినాడు” అందురు. భర్త పోయి భార్య మిగిలినచో “మొగుణ్ని మ్రింగినది” అందురు. ఉప్పెన ఒక్కటే, చెట్టు ఒక్కటే, బ్రదుకుట ఒక్కటే. కాని పురుషుని బ్రదుకు అనుగ్రహమైనది, స్త్రీ బ్రదుకు అపశకునమైనది. రెండు మాటలును ఒకే హేత్వాభాసమునుండి పుట్టిన కవలలు. మొదటిదానికి పసుపుకుంకుమలు పెట్టి పూజించుచు రెండవదానిని మాత్రము రూపుమాపుదమన్నచో అది సాగదు.

పూర్వకాలపు ముచ్చటగ దీనిని త్రోసివేయుటకు వీలులేదు. వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున 1881లో మొదటి వితంతువివాహము జరిపించిరి. నూటనలువది సంవత్సరములు దాటినవి. ఐనను చదువుకొన్న యిండ్లలో సైతము పెండ్లి పందిరిలో వితంతువు వెనుక వరుసకు జరుగుచునే యున్నది. ఎవ్వరును పొమ్మనరు, ఆమెయే జరుగును. ఎందుకు? తన బ్రదుకే తన నేరమని ఆమెకు చిన్ననాటినుండి విన్న మాటలు నేర్పినవి. “దేవుడు మా వాణ్ని కాపాడినాడు” అని మనము గట్టిగ చెప్పుకొన్న ప్రతిసారియు ఆ పాఠమునకు ఇంకొక అక్షరము చేర్చుచున్నాము.

విపత్తునకు అర్థము చెప్పబూనుటలోని అపాయమును మహాత్ములు సైతము తప్పించుకొనలేదు. 1934 జనవరి 15వ తేదీన బీహారునందు భూకంపము కలిగి వేలకొలది జనులు మరణించిరి. అస్పృశ్యత యను పాపమునకు అది దేవుడు విధించిన శిక్ష యని గాంధీమహాత్ముడు పలికెను. అస్పృశ్యతను ద్వేషించుటలో ఆయనకు తీసిపోని రవీంద్రనాథ ఠాకూరు ఆ మాటను బహిరంగముగ ఖండించెను. భౌతికమైన విపత్తునకు భౌతికమైన కారణమే యుండుననియు, ఇట్టి వ్యాఖ్యానము జనులలో అవివేకమును పెంచుననియు ఆయన అభ్యంతరము. గాంధీ ఆ ఖండనమును తన హరిజన పత్రికలోనే ప్రకటించి, తన విశ్వాసమును తాను విడువనని ప్రత్యుత్తరము వ్రాసెను. ఉద్దేశము ఎంత ఉత్తమమైనను, కూలిన యింటి క్రింద నలిగిన అంటరానివాని బిడ్డకు ఏ పాపమునకు శిక్ష? ఠాకూరు పక్షమే న్యాయమని మా అభిప్రాయము.

ఐనచో మతానుభవమునకు విలువయే లేదందుమా? అట్లనుట మా ఉద్దేశము కాదు. మీమాంసకులు జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధమనిరి. బాధకము కనబడువరకు దానిని నమ్మవచ్చును. ఇచట బాధకము కనబడినది అనుమానమునకే గాని అనుభవమునకు కాదు. తాడిచెట్టును పట్టుకొన్నవాడు తన హృదయము నిండినదని చెప్పునపుడు దానిని కాదనుటకు ఎవ్వరివద్దను సాక్ష్యము లేదు. అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్సు ఎడింబరోలో ఉపన్యసించి 1902లో ప్రకటించిన మతానుభవ గ్రంథమున ఇట్టి నిర్ణయమునే చేసెను: అట్టి అనుభవము కలిగినవానికి అది ప్రమాణముగనే యుండును, ఉండుటకు హక్కు కలదు, కాని కలుగనివారు దానిని విమర్శింపక అంగీకరింపవలెనను విధి లేదు. మేము దీనికి ఒక్క మాట చేర్చుచున్నాము. అనుభవము కలిగినవానికి అది హక్కు మాత్రమే కాదు, అప్పు. దానిని ఇతరులపై తీర్పుగ ప్రయోగించినచో చెడును. తనపై ఆజ్ఞగ గైకొన్నచో పండును.

దీనికి మన సీమలోనే ఒక దృష్టాంతము కలదు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు పోవుచు కృష్ణాతీరమునందలి శ్రీకాకుళమున ఆగి, ఏకాదశీవ్రత మాచరించిన రాత్రి ఆంధ్రవిష్ణువు కలలో గనబడి తెలుగున కావ్యము రచింపుమని యాజ్ఞాపించెనని ఆముక్తమాల్యదయందు చెప్పబడినది. ఆ కల ఈశ్వరుడు పంపినదా, కవి మనసు పంపినదా యని మేము తేల్చబూనము. తేల్చుటకు సాధనము లేదు. కాని ఆ కల రాజుతో ఏమి పలికినదో చూడుడు. “నీవు ఏరుకొనబడినవాడవు, తక్కినవారు విడువబడినవారు” అని పలుకలేదు. ఒక పని చేయుమన్నది. ఆ పనికి సంవత్సరముల శ్రమ కావలెను, శ్రమపడవలసినవాడు కలగన్నవాడే. ఫలము మాత్రము అందరిది. మతానుభవమును పరీక్షించుటకు ఇంతకంటె మంచి గీటురాయి మాకు కానరాలేదు. అది ఎవ్వరిచేత పనిచేయించుచున్నది? ఎవ్వరికి ఫలమిచ్చుచున్నది?

ఈ గీటురాయిపై ఆస్తికుడును నాస్తికుడును కలిసి నిలువగలరు. మచిలీపట్టణము హిందూ కళాశాలలో వృక్షశాస్త్రము బోధించిన గోపరాజు రామచంద్రరావుగారు, అనగా గోరాగారు, 1940లో ఉద్యోగమును వదలి కృష్ణాజిల్లా ముదునూరు గ్రామమున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. దేవుడు లేడని చెప్పుటతో ఆగక, అన్ని కులములవారిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి భోజనములు చేయించిరి. 1944లో సేవాగ్రామమున గాంధీని కలిసికొని తర్కించిరి. గాంధీ అంతకు మునుపే, దేవుడే సత్యమనుట మాని సత్యమే దేవుడనుటకు వచ్చియుండెను. గోరాగారు తమ కుమార్తెను అంటరాని కులమని త్రోయబడిన కులమున బుట్టిన యువకునకిచ్చి పెండ్లి చేయదలపగా, ఆ వివాహమును సేవాగ్రామమున తానే జరిపింతునని గాంధీ యొప్పుకొని, దేవుని పేరునకు బదులు సత్యము పేరిట ప్రమాణము చేయించుటకు సమ్మతించెను. 1948 జనవరి 30న ఆయన హతుడయ్యెను. వివాహము ఆ మార్చి మాసమున సేవాగ్రామముననే జరిగినది. నాస్తికుడు దేవుని నొప్పుకొనలేదు, ఆస్తికుడు దేవుని విడువలేదు. ఐనను పీట ఒక్కటే వేసిరి.

1977 ఉప్పెన పిమ్మటను దివిసీమలో ఇట్టిదే జరిగినది. రామకృష్ణ మిషనువారు వచ్చిరి, క్రైస్తవ సంఘములవారు వచ్చిరి, నాస్తిక కేంద్రమువారును వచ్చిరి. ఒకరు నరునియందు నారాయణుని చూచి అన్నము పెట్టిరి. ఒకరు ప్రభువు చెప్పెనని పెట్టిరి. ఒకరు ఆకలియున్నది గనుక పెట్టిరి. తిన్నవానికి అన్నము రుచి మూడు విధములుగ లేదు. విశ్వాసమునకు మూలమేదియని వాదించుకొనుటకు కాలము ఎప్పుడును కలదు. ఫలమేదియని చూచుటకు ఉప్పెన మరునాడు మాత్రమే తగిన దినము.

ఇంతవరకు చెప్పినది మన గృహములలో ఎట్లు ఆచరణకు వచ్చును? మొదటిది: మన యింటివాడు గండము గడచి వచ్చినపుడు దేవునికి నమస్కరింపవచ్చును, మ్రొక్కు చెల్లింపవచ్చును, ఆనందముతో ఏడ్వవచ్చును. కాని దుఃఖములోనున్న పొరుగింటి గుమ్మమున నిలిచి “మా వాణ్ని దేవుడు చల్లగా చూచినాడు” అనరాదు. ఆ వాక్యములోని రెండవ సగమును మనము పలుకము, పొరుగామె వినును. రెండవది: పరీక్షలో గెలిచినపుడును, జ్వరము తగ్గినపుడును పిల్లలతో “నీవు మంచివాడవు గనుక దేవుడు చేసినాడు” అని చెప్పరాదు. రేపు వాని స్నేహితునకు జ్వరము తగ్గనిచో, ఆ స్నేహితుడు చెడ్డవాడని వాడు తలచును. తనకే తగ్గనిచో తాను చెడ్డవాడనని తలచును. రెండును పసిమనసునకు విషమే. మూడవది: మ్రొక్కుబడికి ఒక్క రూపాయి తీసినపుడు, ఆపదను తప్పించు సాధనమునకును ఒక్క రూపాయి తీయుదము. కరకట్టకును, రక్షణగృహమునకును, తీరమున మడచెట్లు నాటుటకును చేయు వ్యయము దేవునిపై అపనమ్మకము కాదు. నాల్గవది, అన్నింటికంటె ముఖ్యమైనది: శుభకార్యమున వితంతువును ముందు వరుసకు పిలువవలయును. పిలిచి, ఆమె చేతనే మొదటి అక్షతలు వేయింపవలయును. బ్రదుకుట నేరము కాదని ఆమెకు తెలుపుటకు ఉపన్యాసములకంటె ఆ గుప్పెడు అక్షతలు ఎక్కువ పనిచేయును.

ఇట్లు చేసినచో భక్తి తరిగిపోవునని భయపడువారికి మా మనవి యొక్కటి. ఇతరుల చావును తన ఘనతకు సాక్ష్యముగ కోరు భక్తి తరిగినచో తరుగనిండు. మిగులునది చిన్నదైనను శుద్ధమైనది. బ్రదికినవాడు నిజముగ చెప్పదగిన మాట ఇది: “నేను ఎందుకు బ్రదికితినో నాకు తెలియదు. పోయినవారికంటె నేను ఎందులోను ఎక్కువవాడను కాను. మిగిలిన యీ బ్రదుకు నాది మాత్రమే కాదు.” ఇందులో దేవుని పేరు చేర్చదలచినవారు చేర్చుకొనవచ్చును, చేర్చనివారు విడువవచ్చును. వాక్యము రెండు విధములను నిలుచును.

ఆ పిల్లవానికిని మేము చెప్పదగిన సమాధానము ఇంతే. “నాయనా, చెట్టు దొరకనివారిని దేవుడు విడిచిపెట్టినాడని ఎవరైన చెప్పినచో నమ్మకుము. దొరికినవారు వారికంటె మంచివారనియు నమ్మకుము. చెట్లు చాలలేదు. పెద్దవాడవైన పిమ్మట, చెట్లు చాలునట్లు చూడుము.”